గుడి లేని కొండ

మా అన్నయ్య చనిపోయాడు. ఇంత చిన్న వాక్యం మా బంధువుల్లో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. ఫోన్లో "కాలం చేశాడటగా" అన్నారు. "దేవుడు తీసుకెళ్లిపోయాడమ్మా" అన్నారు. "హాయిగా వెళ్లిపోయాడు, అదృష్టవంతుడు" అని కూడా అన్నారు, వెళ్లడానికి ఆయనే టిక్కెట్టు కొనుక్కున్నట్టు. నేను గవర్నర్‌పేటలో ఒక చిన్న గ్రంథాలయంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పుస్తకాలు చదివీ చదివీ నాకొక జబ్బు పట్టుకుంది. మాటకి నగలు పెడితే, కింద ఏదో దాస్తున్నారని అనుమానం వస్తుంది. ఆ వానాకాలంలో నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు. వచ్చినవాళ్ల మాటలు విని విసుక్కోవడంతోనే రోజులు గడిచిపోయాయి.

అన్నిటికంటే ఎక్కువ విసుగు తెప్పించింది ఫ్లెక్సీ. పెద్దకర్మకి ముందు మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, బెంజ్ సర్కిల్ దగ్గర వదిన వాళ్ల అపార్ట్‌మెంట్ సందు మొగలో దాన్ని కట్టించాడు. ఒక పక్క కోచింగ్ కాలేజీ వాళ్ల ర్యాంకుల బోర్డు, ఇంకో పక్క చీరల కొట్టు ఆఫర్ల బోర్డు, మధ్యలో మా అన్నయ్య. నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు, నాలుగు పావురాలు, కింద గులాబీలు. "అశ్రు నివాళి"ని "ఆశ్రు నివాళి" చేశారు. ఆ దీర్ఘం దిద్దించమని అడిగాను. "ఎవరు చూస్తారమ్మా" అన్నాడు బాబాయి. చూడనిదానికి కట్టడమెందుకని అడగలేకపోయాను.

ఫొటో వదిన తీసిందే. తెల్లవారుతుంటే ఒక కొండ మీద, ఎండ కళ్లలో పడి కళ్లు చికిలించి, పాత నిండుచేతుల చొక్కాలో నవ్వుతున్నాడు అన్నయ్య. ఫ్లెక్సీ కుర్రాళ్లు కొండ తీసేసి మబ్బులు పెట్టారు. చొక్కా తీసేసి కోటూ టై వేశారు. మా అన్నయ్య తన పెళ్లిలో కూడా కోటు వేసుకోలేదు. వదిన దాన్ని ఒక్కసారి చూసింది. "ఎవరీయన?" అంది. అంతే, మళ్లీ ఆ సందు మొగలో తలెత్తలేదు.

ఆ కొండ గురించి చెప్పాలి. అన్నయ్య నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఏడాది పొడుగునా కాలవలు, లాకులు, మా పొలానికి నీళ్లు రాలేదని పొద్దున్నే ఫోన్లు చేసే రైతులు, వాళ్లలో సగం మంది మా బంధువులు. అందుకేనేమో, నీళ్లన్నవే లేని చోటు వెతుక్కున్నాడు. వినుకొండ దాటాక ఇంకా పడమటికి వెళ్తే, అడవి అని పేరే కానీ నీడ లేని ఒక ఎండు కొండ ఉంది. రాళ్లు, తుమ్మలు, బ్రహ్మజెముడు. కింద అటవీ శాఖ వాళ్ల గేటు. రుసుము కట్టి, నీళ్లు మనమే మోసుకెళ్లి, పైన బండల మధ్య చదునులో టెంటు వేసుకోవచ్చు. నిప్పు రాజెయ్యకూడదు, పాటలు పెట్టకూడదు. ఏటా చలికాలంలో అన్నయ్యా వదినా అక్కడికి వెళ్లి ఒక రాత్రి ఉండి వచ్చేవారు.

మా వాళ్లకి ఈ సంగతి చాలాకాలం అర్థం కాలేదు. తప్పు వాళ్లది కాదు, మాటది. ఆఫీసుల్లో క్యాంపు అంటే డ్యూటీ మీద వేరే ఊరు వెళ్లడం. "క్యాంపుకెళ్తున్నాం" అని అన్నయ్య చెబితే, డ్యూటీ అనుకునేవాళ్లు. "ఆఫీసు క్యాంపుకి పెళ్లాన్ని తీసుకెళ్తాడేంటే వీడు, ఎవరైనా పైకి రాస్తే?" అని బాబాయి నా దగ్గర బెంగపడేవాడు. తర్వాత ఎప్పుడో అసలు విషయం తెలిసింది. అప్పుడు ఇంకా బెంగపడ్డాడు. "చుట్టూ కృష్ణ పెట్టుకుని, నీళ్లు లేని చోటికి డబ్బులిచ్చి వెళ్తాడా?"

నేను ఎప్పుడూ వెళ్లలేదు. నాకు దుమ్మంటే పడదు, నేల మీద పడుకోవడం అంతకంటే పడదు. వాళ్లూ రమ్మనలేదు.

మాఘమాసం వచ్చాక, ఒక ఆదివారం వదిన ఇంట్లో అందరం ఉండగా, "నేను కొండకి వెళ్లొస్తాను" అంది వదిన.

"ఏ కొండకి?" అన్నాడు బాబాయి.

"మేం ఏటా వెళ్లేదే, మామయ్యగారూ. ఎండలు ముదిరితే అగ్గి భయమని గేటు మూసేస్తారు."

"ఏడాది తిరక్కుండా కొండెలా ఎక్కుతావమ్మా?"

ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు ఆ ఇంటివాళ్లు కొండ మీది దేవుడి దగ్గరికి వెళ్లరు. బెజవాడలో కొండంటే అమ్మవారి కొండ. ఎక్కకూడదంటే దర్శనానికి వెళ్లకూడదని. ఇది అందరికీ తెలిసిందే. బాబాయికీ తెలుసు. కానీ బాబాయి ఏ నియమాన్నైనా పొలం గట్టులా చూస్తాడు. వీలైతే ప్రతి ఏడూ కొంచెం అవతలికి జరపాలి.

"అక్కడ గుడి లేదు బాబాయ్" అన్నాను.

"కొండన్నాక గుడి ఉండదా?"

"రాళ్లూ ముళ్లపొదలూ. అంతేనట."

"గుడి లేని కొండని కొండంటారా? దిబ్బంటారు."

"అయితే వదిన దిబ్బెక్కుతుంది. దిబ్బెక్కకూడదని ఎక్కడా లేదుగా."

"నీకు చదువెక్కువైందే" అన్నాడు బాబాయి. "నువ్వు ఎక్కు, నిన్నెవరూ కాదనరు. పెళ్లైన ఆడపిల్లవి, నీకు మూడు రోజులే మైల."

అన్నయ్య కోసం శాస్త్రం నాకు కేటాయించింది మూడు రోజులు. ఈ మాట ఆయన నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు. మా ఆయన పేపరు వెనక తలదాచుకున్నారు. ఈ గొడవలో వేలు పెట్టనని దారిలోనే చెప్పేశారు.

అంతలో ఫొటో ముందు దీపం ఆరిపోయింది. మా వైపు దీపం ఆరిపోయింది అనరు, అశుభం. కొండెక్కింది అంటారు. పిన్ని గబగబా లేచి, "అయ్యో, దీపం కొండెక్కిందే" అంది.

"దానికి లేదా అత్తయ్యగారూ, మైల?" అంది వదిన.

పిన్ని నవ్వాపుకోలేక నూనె సీసా కోసమని వంటింట్లోకి పోయింది. బాబాయి నవ్వలేదు. "అదీ ఇదీ ఒకటేనా" అన్నాడు, లేచి నీళ్లు తాగొచ్చాడు.

నిజానికి నాకూ వదిన పట్టుదల అర్థం కాలేదు. బాల్కనీలోకి తీసుకెళ్లి అడిగాను. కింద ఫ్లైఓవర్ మీద బస్సులు, ఆటోల హారన్లు. "ఈ ఒక్క ఏడూ వదిలెయ్యొచ్చుగా వదినా. వచ్చే చలికాలం వెళ్దువుగాని. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. వీళ్లతో నేను పోట్లాడలేను."

"వచ్చే ఏటికి నాకు అలవాటైపోతుంది" అంది వదిన. "ఇప్పటికే కొంచెం అలవాటవుతోంది. మొన్న బియ్యం ఒక్కదానికే సరిపడా కడిగాను, కడిగాక గాని గుర్తు రాలేదు. పూర్తిగా అలవాటు కాకముందే ఒకసారి అక్కడ పడుకోవాలి. అలవాటయ్యాక వెళ్తే నేను ఊరికే టూరుకెళ్లినట్టు ఉంటుంది."

ఆ తర్వాత నేను పోట్లాడాను. వారం పాటు ఫోన్లో పోట్లాడాను. చివరికి బాబాయి ఒక రాజీ తెచ్చాడు. "మేమూ వస్తాం. గుడి లేదని నా కళ్లతో చూస్తాను. లేకపోతే ఎక్కమను. మేం మాత్రం కిందే ఉంటాం."

ఒక రాత్రి ప్రశాంతంగా ఉండి రావాలన్న మనిషికి తోడు బయల్దేరడమంటే మా వాళ్లకి పెళ్లికి తరలివెళ్లడమే. మర్నాడే బాబాయి ఫోన్. "టెంట్ హౌస్ వాడితో మాట్లాడానమ్మా. షామియానా, కుర్చీలు, ఒక డేగిసా. వ్యాను వాడే పంపిస్తాడట."

"బాబాయ్, టెంటు ఉంది. చిన్నది. అన్నయ్యది. భుజాన వేసుకుని పోవచ్చు."

"భుజాన వేసుకునేది టెంటెలా అవుతుందే?"

వ్యాను మాన్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. కుర్చీలు మాన్పించలేకపోయాను. మడత కుర్చీలు, పరుపు చుట్ట, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు కారు నిండా ఎక్కించాడు. నీళ్లు లేని ఊరు పగవాడికి కూడా వద్దట. పిన్ని వంట రెండు సంచులు. పులిహోర శుభకార్యాల వంట, ఏడాది లోపు చెయ్యకూడదని నిమ్మకాయ అన్నం చేసింది. రెంటికీ తేడా చింతపండే కదా అంటే, "ఆ తేడాతోనే కదే సంసారాలు నడిచేది" అంది.

నరసరావుపేట దాకా బాబాయి హుషారుగానే ఉన్నాడు. వినుకొండ దాటాక కాలవలు పోయాయి, వరి పోయింది, నేల రంగు మారింది. రోడ్డు పక్క చెట్లు కురచై, ముళ్లు తేలాయి. బాబాయి కారు నడుపుతూనే కిటికీలోంచి చూసి, "ఇక్కడివాళ్లు ఏం తిని బతుకుతారో పాపం" అన్నాడు. ఇక్కడ పండిన మిరపకాయలే మనం తింటామని చెప్పాను. "అదీ నిజమే, కారంగా ఉంటాయి" అన్నాడు. వదిన ముందు సీట్లో ఒళ్లో టెంటు సంచి పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు పొద్దుటి నుంచి ఆమె మాట్లాడింది తక్కువ, పిన్ని మాట్లాడింది ఎక్కువ, నాకు తలనొప్పి మొదలైంది.

గేటు దగ్గర ఖాకీ చొక్కాలో గార్డు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బాబాయి కారు దిగుతూనే, రుసుము సంగతి కూడా అడక్కుండా, "ఏం బాబూ, పైన గుడేమైనా ఉందా?" అన్నాడు.

గార్డుకి యాత్రికులు దొరికారన్న సంతోషం కలిగినట్టుంది. "ఎందుకు లేదండీ! అమ్మవారుందండీ. చాలా పవర్‌ఫుల్ అండీ. ఈమధ్యనే సిమెంటు గద్దె కూడా కట్టారండీ."

బాబాయి నా వైపు చూశాడు. నేను వదిన వైపు చూశాను.

"రాయండీ అది" అంది వదిన. "దారి పక్కన ఒక రాయికి పసుపు పూశారు."

"రాయే కదమ్మా దేవుడు" అన్నాడు బాబాయి. మా ఇంట్లో దేవుడూ రాయే.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముందే చెప్పొచ్చు కదా వదినా! గుడి లేదని వారం రోజులు గొంతు చించుకున్నాను."

"నువ్వు గుడి అన్నావు. అది గుడి కాదు."

ఈ తెలుగు దేశంలో దేవుడు లేని కొండ కోసం వెతకడం నాదే తెలివితక్కువ. ఎక్కడ నాలుగు బండలు ఒకదాని మీద ఒకటి నిలబడితే అక్కడ ఎవరో ఒకరు పసుపు డబ్బాతో చేరుకుంటారు.

బాబాయి తీర్పు అక్కడే అయిపోయింది. కొండ మీద దేవతుంది కాబట్టి ఇది కొండే. కొండ కాబట్టి వదిన ఎక్కడానికి లేదు. కిందే, గేటు పక్క వేపచెట్టు దగ్గర టెంటు వేసుకుని పడుకుని, పొద్దున్నే వెళ్లిపోదాం. "ఎక్కడ పడుకుంటే ఏముందమ్మా, అదే గాలి." అరిచి చెప్పలేదు, బతిమాలుతున్నట్టు చెప్పాడు. అరిస్తే నాకు సులువుగా ఉండేది.

వదిన టెంటు సంచి విప్పకుండా చెట్టు మొదట్లో పెట్టి దాని మీద కూర్చుంది. కొండ వైపు కూడా చూడలేదు. మళ్లీ సందు మొగలో తల దించుకుని వెళ్తున్నప్పటి మొహమే. పిన్ని అన్నం గిన్నె మూత తీస్తూ, "ముందు తిందాం, తిన్నాక ఆలోచిద్దాం. ఏమండీ, ఆ బరకం తెచ్చి పరవండి" అంది. బరకం అంటే కళ్లంలో ధాన్యం కింద పరిచే పట్టా. బాబాయి డిక్కీలో అది ఎప్పుడూ ఉంటుంది.

బాబాయి నీలంగా ఉన్న చుట్ట ఒకటి తెచ్చి, ఒక అంచు కాలితో నొక్కిపెట్టి, ఒక్క తోపు తోశాడు. ముందు గులాబీలు వచ్చాయి. తర్వాత "ఆశ్రు నివాళి". బాబాయికి అప్పటికీ వెలగలేదు, ఇంకో తోపు తోశాడు. కోటు, టై, ఆపైన కళ్లు చికిలించి నవ్వుతూ మా అన్నయ్య. నాలుగు పావురాలు.

బాబాయి కాలు ఇంకా గులాబీల మీదే ఉంది. ముందు కాలు తీశాడు. తర్వాత చెప్పులు విప్పాడు. విప్పాక ఏం చెయ్యాలో తోచలేదు.

పిన్ని అందుకుంది. "మీ బుద్ధి కాకులెత్తుకెళ్ల! దీని మీదా మీరు మినుములు ఎండబెట్టింది?"

"పెద్దకర్మ అయ్యాక దించి డిక్కీలో వేశాను... రెండూ నీలంగానే ఉంటాయే... కళ్లంలో కూలీలు పరిచారు... చూడలేదు..."

"చూడలేదంట! ఆ మినుములేగా మొన్న గారెలకి రుబ్బింది!"

నేను నవ్వానో ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. ఏదో శబ్దం చేశాను. తినడానికి పరిచినదాన్ని ఇప్పుడు ఏం చెయ్యాలి? తొక్కడానికి లేదు. మడత పెడితే మొహం మీద మడత పడుతుంది. మళ్లీ డిక్కీలో వెయ్యడానికి బాబాయికి చేతులు రావడం లేదు. గాలికి అది లేచి రెపరెపలాడింది. వదిన లేచి వచ్చి నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. పక్కన గొంతుక్కూర్చుని, టై మీద అంటుకున్న ఒక మినప గింజను గోటితో తీసింది.

ఆ రెపరెపలకి గార్డు వచ్చాడు. "ప్లాస్టిక్ బయట పరచకూడదండీ" అంటూ వచ్చినవాడు వంగి చూశాడు. "ఈయన ఏటా వచ్చే సార్ కదూ? నాకు కాలవల గురించి చెప్పేవారు." మళ్లీ చూశాడు. "సార్ కోటేసుకున్నారేంటి?"

అప్పుడు గులాబీల పైన అక్షరాలు చదివినట్టున్నాడు.

"సార్ చనిపోయారా అమ్మా?"

"చనిపోయారు" అంది వదిన.

"అయ్యో" అన్నాడు గార్డు. టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి, గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

వదిన రాళ్లు తీసేసి ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టింది. మడత పడకుండా, నెమ్మదిగా, గులాబీల వైపు నుంచి. చుట్టి చంకలో పెట్టుకుని, రెండో భుజానికి టెంటు సంచి తగిలించుకుంది. "మామయ్యగారూ, నేను పైకి వెళ్తున్నాను."

"అమ్మాయ్, మైల..."

"నాకుంటే ఉందండీ. ఆయనకి లేదుగా. కొండెక్కేది ఆయన. నేను మోసేదాన్ని."

బాబాయి నోరు తెరిచాడు. ఈయన దీనికి కూడా ఒక గట్టు వేస్తాడని నేను పళ్లు నూరుకుంటున్నాను. ఆయన కంటే ముందు పిన్ని అంది: "కొండల మీద డోలీలు మోసేవాళ్లని మైలుందా అని ఎవరైనా అడుగుతారా? ఎక్కే తల్లిని ఎక్కనివ్వండి. మినుములు ఎండబెట్టినప్పుడు గుర్తు రాలేదు మీకు శాస్త్రం."

బాబాయి చుట్ట వైపు చూశాడు. అన్నయ్యకి సైకిలు నేర్పింది ఆయనే. కళ్లు తుడుచుకోకుండానే చివరి తీర్పు చెప్పాడు. "సరే. చెప్పులు విప్పి ఎక్కు."

"బాబాయ్! అన్నీ పల్లేరుకాయలు!" అన్నాను.

"అయితే ఆ రాయి దగ్గర విప్పమను."

మైల అడ్డు రానిదాన్ని కాబట్టి వదినకి తోడు నేను ఎక్కాలట. నీళ్ల క్యాను పైకి మొయ్యలేమని సీసాల్లో పోసుకున్నాను. పిన్ని ఇచ్చిన అన్నం డబ్బా, టీ ఫ్లాస్కు, నా దుప్పటి. ఆ కొండ గురించి మంచి మాట చెప్పాలంటే నాకు కష్టం. దారి లేదు, దారి అనుకున్నచోట గులకరాళ్లు కాలి కింద జారతాయి. ప్రతి పొదా చీర పట్టుకుని లాగింది. కింది నుంచి బాబాయి కేకలు, కేకలు అందనంత పైకి వచ్చాక ఫోన్లు. "ఎంతదాకా వచ్చారు?" "పాములున్నాయేమో చూసుకోండి." "రాయి వచ్చిందా?" కాలవలు లేవు, నీడ లేదు, కానీ సెల్ సిగ్నల్ మాత్రం ఉంది.

రాయి వచ్చింది. మోకాలెత్తు, కింద కొత్త సిమెంటు గద్దె, పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూలు. వదిన ఆగి, నిజంగానే చెప్పులు విప్పింది. దణ్ణం పెట్టలేదు. అవతలికి నాలుగు అడుగులు నడిచి, మళ్లీ తొడుక్కుంది.

"ఇదేంటి వదినా?"

"మామయ్యగారు అడుగుతారు. అబద్ధం చెప్పలేను."

పైన బండల మధ్య చదును చూపించింది. ఎక్కడ చూసినా రాళ్లు, కంప, దూరంగా మళ్లీ ఇలాంటివే ఎండు కొండలు. దీని కోసమా ఏటా అని పైకి అనబోయి ఊరుకున్నాను. వదిన చేతులకి టెంటు వెయ్యడం బాగా తెలుసు, నేను అడ్డం రాకుండా నిలబడ్డాను. ముందు ఫ్లెక్సీ పరిచింది, బొమ్మ నేల వైపుకి, తెల్లటి వెనక వైపు పైకి. దాని మీద టెంటు నిలబెట్టింది.

"తిరగేశావేం?" అన్నాను.

"ఆయన మీద పడుకోమంటావా? ఈ వైపైతే ఏమీ లేదు, శుభ్రంగా ఉంది."

చీకటి పడ్డాక నేను లోపలికి దూరి ఎడమ వైపు దుప్పటి పరుచుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అటు కాదు. అది ఆయన వైపు. నువ్వు కాళ్ల దగ్గర అడ్డంగా పడుకో." నేను అడ్డంగా పడుకున్నాను. నా నడుము కింద ఒక రాయి ఉంది. ఎంత జరిగినా అది నాతో జరిగింది. నేను పడుకోని ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా, మెత్తగా, రాయి లేకుండా ఉంది. ఏం చేస్తాం.

తెల్లవారే సరికి వదిన పక్కన లేదు. బయట ఒక బండ మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఏడుస్తుంది, దగ్గరికి వెళ్లాలా వద్దా అనుకుంటూ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లాను. ఏడవడం లేదు, చిరాకుగా ఉంది.

"ప్రతిసారీ ఇక్కడే కూర్చునేవారు" అంది. "ఇక్కడ కూర్చుని కూడా కాలవలే. ఫలానా లాకు తలుపు, ఫలానా రైతు, ఆ ఏఈకి బుద్ధి లేదు. పక్షులు లేచేదాకా ఆపేవారు కాదు. ఒక్క ఏడైనా నోరు మూసుకుని కూర్చుంటారేమో అని చూసేదాన్ని." టీ తీసుకుంది, తాగలేదు. "ఇక్కడ ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలీదు."

గాలి కూడా లేదు అప్పుడు. నేనూ విన్నాను. విజయవాడలో పుట్టి పెరిగిన చెవులకి అది శబ్దం లేకపోవడంలా లేదు, ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపినట్టు ఉంది. ఈ పోలిక రాసి ఒకసారి కొట్టేశాను. దీనికంటే సాదా మాట దొరకక మళ్లీ రాశాను.

అప్పుడే ఫోన్ మోగింది. బాబాయి. "లేచారా? దిగేటప్పుడు జాగ్రత్త. ఎక్కడం కంటే దిగడం కష్టం."

దిగాం. కింద బాబాయి, పిన్ని మడత కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. కారులో నిద్రపట్టలేదట. గార్డు వదిన చంకలోని చుట్ట చూసి, కిందికి తెచ్చారు కదా అన్నట్టు తలూపాడు. బాబాయి మెల్లగా అడిగాడు, "నిద్ర పట్టిందా అమ్మా?"

"పట్టిందండీ."

"మరి ఆ రాయి దగ్గర...?"

"చెప్పులు విప్పాను. దణ్ణం మాత్రం పెట్టలేదు. పెట్టలేదు కాబట్టి దర్శనం కిందికి రాదు."

బాబాయి ఈ మాటని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అదీ నిజమే" అన్నాడు. నాకు తిక్క రేగింది. ఇదే సంగతి వారం రోజుల క్రితం ఒప్పుకుని ఉంటే మేం ముగ్గురం ఇళ్లలో నిద్రపోయేవాళ్లం. ఆయన లేచి డిక్కీ తెరిచి, చుట్ట కోసం చెయ్యి చాచాడు. వదిన ఇవ్వలేదు. టెంటు సంచి నోరు విప్పి, దాన్ని టెంటుతో పాటు లోపలికి దూర్చింది. చివర కొంచెం బయటికి మిగిలితే తాడుతో బిగించి కట్టింది.

"ఇది టెంటు కిందికి పనికొస్తుంది" అంది. "వచ్చే ఏడు కావాలి నాకు."

"మరి నా మినుములు?" అన్నాడు బాబాయి.

"టెంట్ హౌస్ వాణ్ణి అడగండి మామయ్యగారూ" అంది వదిన, కారు తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంటూ.